తీరం దాటే చోటు, నీరు ఎక్కే చోటు

మనకు అక్షరాలు నేర్పిన మాస్టార్లు ముందు వరుసలో కూర్చుని ఉండగా పాఠం చెప్పినట్టు మాట్లాడాలంటే కొంచెం బెరుకుగానే ఉంది. సంఘం వారు నాకిచ్చిన అంశం ‘విపత్తుల నష్టం తగ్గించడంలో సైన్సు, టెక్నాలజీ’. దేశమంతా తిరిగి వస్తే భోజనాల వేళ దాటిపోతుంది. దివిసీమ వాళ్లం కనుక ఉప్పెన గురించే చెబుతాను.

1977 నవంబరు 19. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మనుషులు ఎక్కువగా పోయింది మాత్రం అక్కడికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన దివిసీమలో. నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. పోయినవాళ్లు పదివేల మంది వరకు అని ప్రభుత్వ లెక్క. ఊళ్లలో ఆ లెక్కను ఎవరూ నమ్మరు.

తుపాను అక్కడ, చావులు ఇక్కడ ఎందుకు? మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్కన, అంటే ఉత్తరం వైపున, గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ఎడమ పక్కన నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. ఉప్పెనకు అసలు కారణం ఈ తోపుడే. వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్ర మట్టం పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే. కేంద్రంలో పీడనం 60 మిల్లీబార్లు పడిపోయినా దానివల్ల లేచేది రెండడుగులు. మిగిలినదంతా గాలి తోసుకొచ్చిన నీరు. లోతు లేని తీరంలో ఆ నీటికి వెనక్కి దారి ఉండదు, మీదికి లేస్తుంది. పోటు వేళ కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత మన దేశం చేసింది తక్కువేమీ కాదు. ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాయి. చెన్నై, మచిలీపట్నం, విశాఖలలో డాప్లర్ రాడార్లు వచ్చాయి. ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ లెక్కగడుతోంది. వాతావరణ శాఖ 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తోంది. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర అంతటి తుపానే వచ్చింది. లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవారు వెయ్యి లోపే. ఆ వెయ్యి కూడా పోకూడదనేది వేరే మాట.

నా అసంతృప్తి ఒక్క చోటే. ఇప్పటికీ టీవీలో పెద్ద అక్షరాలతో వచ్చేది ‘తీరం దాటే చోటు’. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటుతుందనగానే, “అయితే మనకు ఫరవాలేదు” అన్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఓడరేవులో ఎగరేసే నంబర్ల సంగతీ అంతే. అవి ఓడల కోసం పుట్టినవి, ఇళ్ల కోసం కాదు. ఉప్పెన మీటరున్నర అని బులెటిన్‌లో రాస్తారు. మన ఇంటి గుమ్మం సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో తెలియనివాడికి ఆ మీటరున్నర దేనికి పనికొస్తుంది?

రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద ఎం.ఎస్.ఎల్. అని ఒక అంకె ఉంటుంది, చూసే ఉంటారు. అలాంటి అంకె మన బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు మీద, గుడి, చర్చి, మసీదు అరుగుల మీద రాయిద్దామని నా కోరిక. పక్కనే 1977 నీటిమట్టం గీత. ఆ రోజు నీరు ఎంతవరకు వచ్చిందో గోడ చూపించి చెప్పగల పెద్దవాళ్లు ఊరూరా ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే అడగాలి.

ఒక ప్రమాదం ఉంది. “మా అరుగు మూడు మీటర్లు, నేను కదలను” అనేవాడు ఒకడు తప్పకుండా తేలతాడు. ఉప్పెన మీద అలలు కూడా ఉంటాయని, పూరిల్లు నీటికంటే ముందే గాలికి పోతుందని అదే బోర్డు మీద రాయాలి. వెళ్లమన్నప్పుడు వెళ్లాల్సిందే.

పనికి పెద్ద ఖర్చు లేదు. కాలువ లాకుల దగ్గర బెంచ్ మార్కులు ఉన్నాయి, అక్కడి నుంచి లెవెల్ తెచ్చుకోవచ్చు. లెవెలింగ్ యంత్రం నేను తెస్తాను. స్టాఫ్ పట్టుకుని నిలబడటానికి తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కావాలి, హెడ్మాస్టరు గారు దయచేసి పంపించాలి. పెయింటు ఖర్చు మా బ్యాచ్‌ది. తుపానుల కాలం మొదలవకముందు, వేసవి సెలవుల్లో ఒక పది రోజులు పెట్టుకుందాం. రాగలిగినవాళ్లు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి.