బందరు ‘సినీఫాన్’ తీసిన సినిమాలు



ఇంట్లో సినిమా మాట వస్తే మనం ముందు హీరో పేరు చెప్తాం, ఆ తరవాత హీరోయిన్ చీరలు, నగలు, పాటలు. దర్శకుడి దాకా మాట సాగదు. ‘గుండమ్మ కథ’ ఎవరు తీశారమ్మా అని అడిగి చూడండి. చక్రపాణి గారే కదా అంటారు కొందరు. ఎల్వీ ప్రసాద్ గారు కాబోలు అంటారు మరికొందరు. తీసినాయన మన బందరాయన, కమలాకర కామేశ్వరరావు గారు. ఎంతో పేరున్న సినిమాలు తీసి కూడా ఇంత తక్కువగా గుర్తున్న మనిషి మరొకరు లేరేమో. ఆయన ప్రయాణంలో ఎత్తులెంత ఉన్నాయో పల్లాలూ అంతే ఉన్నాయి. ఆ లెక్క ఒకసారి చూద్దామని ఈ ప్రసంగం.

ఆయన 1911లో బందరులో పుట్టారు. ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో కృష్ణాపత్రిక వెలుగుతున్న రోజుల్లో అందులో ‘సినీఫాన్’ పేరుతో సినిమాల మీద విమర్శలు రాసేవారు. 1936లో ద్రౌపది కథతోనే రెండు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. ఒకటి కన్నాంబ గారు నటించిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. రెండోది బళ్ళారి రాఘవ గారంతటి నటుడు దుర్యోధనుడు వేసిన ‘ద్రౌపదీ మానసంరక్షణం’. ఈ కుర్ర విమర్శకుడు రెంటినీ పక్కపక్కన పెట్టి బేరీజు వేశాడు. ఇతరుల వంటకు వంకలు పెట్టడం తేలిక, గరిట చేతికొచ్చినప్పుడే కష్టం తెలిసేది అంటాం చూడండి, ఆ గరిట ఆయన చేతికి వెంటనే రాలేదు. మద్రాసు వెళ్ళి కె.వి. రెడ్డి గారి దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశారు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ స్క్రీన్‌ప్లేలో ఆయన చెయ్యి ఉంది.

ఆ నమ్మకంతోనే విజయావారు ఆయనకు ‘చంద్రహారం’ అప్పగించారు. 1954లో విడుదలైంది. రామారావు, శ్రీరంజని, సావిత్రి, రంగారావు గార్ల నటన, పింగళి వారి మాటలు, ఘంటసాల వారి సంగీతం, కళ్ళు చెదిరే సెట్టింగులు. ఏం లాభం! సినిమా నిలవలేదు. నాకు తోచిన కారణం ఒకటి చెప్తాను. ఆ కథలో హీరో ప్రాణం హారంలో ఉంటుంది, హారం పోతే మనిషి ప్రాణం లేనట్టు పడివుంటాడు. మూడేళ్ళ క్రితమే పాతాళలోకం దాకా వెళ్ళొచ్చిన తోటరాముణ్ణి చూసిన జనం, అదే రామారావు గారు అలా పడివుంటే ఎలా ఓర్చుకుంటారు? అన్ని దినుసులూ మేలైనవే, పాకం మాత్రం కుదరలేదు.

మొదటి సినిమానే అంత ఖర్చుతో పోతే మరొకరైతే తేరుకునేవారు కాదు. ఈయన 1957లో ‘పాండురంగ మహత్మ్యం’తో లేచి నిలబడ్డారు. 1960లో నాగేశ్వరరావు గారితో ‘మహాకవి కాళిదాసు’ తీశారు. ఇక 1962, 63 సంవత్సరాలు ఆయనవే అనాలి. ‘గుండమ్మ కథ’, ‘మహామంత్రి తిమ్మరుసు’, ‘నర్తనశాల’. ఒకటి సంసారపు కథ, ఒకటి చరిత్ర, ఒకటి పురాణం. రెండేళ్ళలో మూడు రకాలుగా మెప్పించడం మాటలు కాదు.

గుండమ్మ దగ్గర కాసేపు ఆగుదాం, ఆవిడ మన మనిషి కనక. నిమ్మకూరు రామారావు గారు, గుడివాడ దగ్గరి రామాపురం నాగేశ్వరరావు గారు ఇద్దరూ హీరోలుగా ఉండగా, సినిమాకు పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది! సవతి కూతురి చేత చాకిరీ చేయించే గయ్యాళి ఆవిడ. కానీ చివరికొచ్చేసరికి ఛాయాదేవి వచ్చి ఆ గుండమ్మనే సాధిస్తుంటే, గదిలో పెట్టి తాళం వేస్తే, మనకు జాలి వేస్తుంది. ఆవిణ్ణి కాపాడటానికి వచ్చేది కూడా ఆ సవతి కూతురే. గయ్యాళి అని ముద్రవేసి వదిలెయ్యకుండా ఆవిడకూ ఒక దుఃఖం ఉందని చూపించారు. కథను మలిచింది చక్రపాణి గారు, మాటలు డి.వి. నరసరాజు గారివి. అందుకని దర్శకుడికేం మిగిలింది అనేవాళ్ళున్నారు. అంతమంది హేమాహేమీలను ఒక ఇంట్లో పెట్టి, ఒకరి మీద ఒకరు పడకుండా నడిపించడం తక్కువ పనా? ఉమ్మడి కుటుంబంలో నెగ్గుకొచ్చిన ఆడదాన్ని అడగండి, చెప్తుంది.

‘నర్తనశాల’ నిర్మించింది నటి లక్ష్మీరాజ్యం గారు. ఒక స్త్రీ నిర్మాతగా అంతటి సినిమా తీయడం మనకు గర్వకారణం. బృహన్నల నాట్యం కోసం రామారావు గారు కూచిపూడి పద్ధతిలో అభ్యాసం చేశారు. కీచకుడుగా రంగారావు గారికి 1964లో జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ బహుమతుల మాట అందరూ చెప్తారు. నేను చెప్పేది సావిత్రి గారి సైరంధ్రి సంగతి. పరాయి పంచన దాసిగా ఉంటూ, అవమానం జరిగితే చెప్పుకోవడానికి ఐదుగురు భర్తలుండీ దిక్కులేని స్థితి. ఆ నిస్సహాయతను ఏడుపుతో సరిపెట్టలేదు, కోపం చూపించారు. ద్రౌపది మీద రెండు సినిమాలను తూచిన ఆనాటి విమర్శకుడు ఇందులో నాకు కనబడతాడు. 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో జమున గారి సత్యభామకూ అలాగే అభిమానం, అహంకారం రెండూ పూర్తిగా దక్కాయి.

తరవాత మాత్రం పలచబడ్డారు. పురాణాల దర్శకుడనే బిరుదు ఆయనకు బంధమైంది. ‘గుండమ్మ కథ’ వంటి సంసారపు కథ మళ్ళీ ఆయన నుంచి రాలేదు. కాలం మారి పౌరాణికాలకు ఆదరణ తగ్గుతున్నా ఆ దారిలోనే నడిచారు. 1977 సంక్రాంతికి కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు గార్లతో భారీగా ‘కురుక్షేత్రం’ తీశారు. అదే రోజున, జనవరి 14న, రామారావు గారి ‘దాన వీర శూర కర్ణ’ కూడా వచ్చింది. దాదాపు నాలుగు గంటల నిడివి అయినా జనం దానికే పట్టం కట్టారు. ఒకప్పుడు ఒకే కథ మీది రెండు సినిమాలను తూచిన మనిషి తానే ఇప్పుడు తక్కెట్లో కూర్చోవలసి వచ్చింది. పైగా అవతలి పళ్ళెంలో ఉన్నది తాను పాండురంగడి భక్తుడిగా, బృహన్నలగా తీర్చిన రామారావు గారే!

(ఆ ఏడాదే నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. రామారావు, నాగేశ్వరరావు గార్లు ఊరూరా తిరిగి బాధితులకు విరాళాలు పోగుచేశారు. మావైపు వాళ్ళకు 1977 అంటే సినిమాల కన్నా ముందు అదే గుర్తొస్తుంది.)

‘కురుక్షేత్రం’లో యుద్ధం ఉంది, రథాలున్నాయి, పెద్ద తెర నిండా జనం ఉన్నారు. ‘నర్తనశాల’లో వంటశాల, అంతఃపురం, నాట్యశాల తప్ప అంత హంగు లేదు. నన్నడిగితే ఆయన బలం నాలుగు గోడల మధ్య ఉంది. ఇద్దరు మనుషులను ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడించినప్పుడు ఆయనకు సాటి లేరు, బయలులోకి వస్తే చెయ్యి సడలింది. బలమైన రచయిత పక్కనున్నప్పుడే రాణించారన్న మాట కూడా నిజమే. కాళిదాసుకూ తిమ్మరుసుకూ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు బందరు నాటకాలలో పండినవారే కనక ఆ పొత్తు కుదిరింది.

కామేశ్వరరావు గారు 1998లో కన్నుమూశారు. ‘గుండమ్మ కథ’ టీవీలో వచ్చిన రోజున పొయ్యి కట్టేసి మరీ కూర్చుంటాం కదా, ఈసారి మొదట్లో పేర్లు వేసేటప్పుడే వచ్చి కూర్చోండి. దర్శకుడి పేరు ఆఖరున వేస్తారు.