చూపు నిలిచిన చోటనే చదువు

చెప్పినమాట విననట్లుండు పిల్లవాడు చూచినపనిని చేసి చూపుట మనమందరము ఎఱిగినదే. అయితే కన్నులు తెరచియుండుట చూచుట కాదు. చూపువెంట మనస్సును పోవలెను. దీనినే మన పెద్దలు అవధానమనిరి.

ముదిగుబ్బకు పొరుగుననున్న ధర్మవరములో పట్టుమగ్గము గల యింటిని తలచుకొందము. తండ్రి మగ్గముకడ కూర్చుండును. తల్లి రాట్నముపై కండెలు చుట్టును. ప్రక్కన ఆడుకొను బిడ్డ మొదట గమనించునది నాడె పరుగును, దాని చప్పుడును మాత్రమే. పడుగుపోగు తెగినంతనే మగ్గ మాగును. తండ్రి వ్రేళ్లు తెగిన కొనలను వెదకి ముడివేయును. అప్పుడు ‘ఇటు చూడు’ అను ఒక్కమాట చాలును; చూపు సరియైన చోటికి వచ్చును.

ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందినది. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. బొమ్మలాట జరుగునప్పుడు తెరముందరి పిల్లలు హనుమంతుని చూతురు. తెరవెనుక పిల్లలు హనుమంతు నాడించు చేతిని చూతురు. ఆట ఒక్కటే, నేర్పు వేరు. ఆ భేదమునకు కారణము చూపు నిలిచిన తావు.

ఆల్బర్ట్ బండూరా అను మనస్తత్త్వవేత్త 1961లో స్టాన్‌ఫర్డులో 72 మంది పిల్లలతో ఒక పరీక్ష జరిపెను. పెద్దవారు గాలిబొమ్మను కొట్టగా చూచిన పిల్లలు తామును అట్లే కొట్టిరి. చూచి నేర్చుటకు అవధానము, జ్ఞాపకము, చేయగల శక్తి, చేయవలెనను కోరిక అను నాలుగును కావలెనని ఆయన 1977లో వివరించెను. అవధానము మొదటి మెట్టు. అది లేనిచో తక్కినవానికి పని లేదు. గ్వాటెమాలాలోని మాయా జాతి పిల్లలను గూర్చి 2009లో వెలువడిన పరిశోధన మరియొక విశేషము తెల్పినది. పక్కవారికి నేర్పుచుండగా, తమకు చెప్పకున్నను, సంప్రదాయ కుటుంబముల పిల్లలు శ్రద్ధగా గమనించి నేర్చుకొనిరి. ఇంటిపనిలో పెద్దలతో కలసియుండుట వారికి అలవాటు.

బడి మాన్పించి పిల్లలను మగ్గముకడ కూర్చుండబెట్టుడని మేము చెప్పుట లేదు. పిల్లలకు చదువు ముఖ్యము. కాని వంటయింట, పొలమున, అంగడిలో మనము చేయుపనిని వారిని దగ్గరనుండి చూడనిండు. పనిలోని కీలకమైన ఘట్టమున చేయి కొంచెము నెమ్మది చేయుడు. బిడ్డ అడుగునప్పుడు మన చూపు ఫోనుపై నున్నచో, వాడు నేర్చునది ఆ పరధ్యానమునే. పిల్లల అవధానము కోరువారు ముందుగా తమ అవధానమును వారికీయవలెను.