డిక్రీ కలదు, అమలు లేదు

(పఠనమందిరమున నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



లోకశాంతిని గూర్చి మాటలాడుమని మీరు నన్ను కోరితిరి. నేను రాజనీతిజ్ఞుడను గాను. కోర్టులలో దిరుగు న్యాయవాదిని. కావున నా వృత్తి నేర్పిన దృష్టితోడనే యీ విషయమును విచారింతును. వ్యాజ్యము గెలుచుట సగము పని. డిక్రీ నమలు జరుపుకొనుట తక్కిన సగము. డిక్రీని చేతబట్టుకొని యేండ్ల తరబడి తిరుగు కక్షిదారులను మీరును జూచియే యుందురు. లోకమున చిన్నజాతుల గతియు నట్లే యున్నది.

సమష్టి రక్షణ యను సూత్రము సులభమైనది. ఒక యింట దొంగలు పడినచో ఊరంతయు కర్రలు గొని పరుగెత్తును. ఏలన, నేడు వాని యిల్లు, రేపు తన యిల్లు. రాజ్యముల నడుమ గూడ నిట్టి కట్టుబాటుండవలెనని 1920లో నానాజాతిసమితి వెలసెను. ఒడంబడికను మీఱి యుద్ధమునకు దిగిన రాజ్యము ఎల్ల సభ్యరాజ్యములపైనను యుద్ధము సాగించినట్లే యనియు, దానితో వర్తకవ్యవహారములను వెంటనే మానవలెననియు 16వ నిబంధన శాసించెను.

1935 అక్టోబరులో ఇటలీ అబిసీనియాపై బడెను. జినీవాలో విచారణ జరిగెను. ఇటలీదే నేరమని తీర్పు వచ్చెను. మరి యమలు మాట యేమి? కొన్ని సరకులను నిలిపిరి గాని, విమానములను నడపు నూనెను నిలుపలేదు. ఇటలీ సైన్యములు దాటిపోవు సూయజు కాలువను మూయలేదు. 1936 మే నెలలో ఆడిస్ అబాబా శత్రువుల చేజిక్కెను. జూను 30వ తేదీన హైలీ సెలాసీ చక్రవర్తి స్వయముగా జినీవా సభయెదుట నిలిచి న్యాయము వేడెను. ఆ జూలైలోనే ఇటలీపై విధించిన ఆంక్షలను ఎత్తివేసిరి! డిక్రీదారుడు వాకిట నిలిచియుండగనే డిక్రీని చించివేసినట్లయ్యెను.

ఈ గుణపాఠము తోడనే 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనపత్రమును వ్రాసిరి. శాంతిభంగమైనచో సైనికచర్య గైకొను నధికారమును 7వ అధ్యాయము భద్రతామండలి కొసగినది. అందులకు వలయు సైన్యములను సభ్యరాజ్యములు ముందుగనే యొప్పందముల మూలమున సిద్ధపరుపవలెనని 43వ నిబంధన. ఆ యొప్పందములలో నొక్కటియు నేటివరకు జరుగలేదు. అమీనా యుద్యోగము ఏర్పడినది. అమీనాను మాత్రము నియమింపలేదు.

అంతకన్న గొప్ప లోపము 27వ నిబంధనలో నున్నది. తగవును సామమున దీర్చు 6వ అధ్యాయపు విషయములలో, తగవున కక్షిదారుడైన రాజ్యము వోటు చేయరాదని యందు గలదు. కాని బలప్రయోగమునకు సంబంధించిన 7వ అధ్యాయమున కా నియమము వర్తింపదు. అచట అమెరికా, రష్యా, చైనా, బ్రిటను, ఫ్రాన్సు అను నైదింటిలో నేదియైనను తన వ్యాజ్యమున తానే తీర్పరి కావచ్చును. వీటో యను నొక్కమాటతో దావాను గొట్టివేయవచ్చును. పాత నానాజాతిసమితి సయితము తగవులపై నివేదికల కేకాభిప్రాయమును లెక్కించునపుడు కక్షిదారులను మినహాయించెడిది. ఆ మేరకు మనము వెనుకకే నడచితిమి. 1950లో కొరియా విషయమున మండలి కదలగలిగినదన్న, అది సోవియట్ ప్రతినిధి యలిగి సభకు రాకుండుట చేతనే సుమా!

1956లో నీ లోపము బట్టబయలయ్యెను. సూయజు కాలువను జాతీయము చేసిన ఈజిప్టుపై ఇజ్రాయేలు, బ్రిటను, ఫ్రాన్సులు దాడి వెడలెను. మండలిలో బ్రిటను, ఫ్రాన్సులే వీటో ప్రయోగించెను. అంతట విషయము సర్వసభ్యసభకు బోయెను. కెనడా విదేశాంగమంత్రి లెస్టర్ పియర్సన్ సూచనపై, ప్రధానకార్యదర్శి డాగ్ హామర్‌షోల్డు కొలదిదినములలో నొక క్రొత్త సేనను సమకూర్చెను. శాసనపత్రమున శాంతిసేన యను మాటయే లేదు. అది శత్రువు లేని సేన. అడుగిడు దేశముయొక్క సమ్మతి, నిష్పక్షపాతము, ఆత్మరక్షణకు దక్క నాయుధ మెత్తకుండుట, ఈ మూడే దాని ధర్మములు. అందు మన భారతసైనికులును నిలిచిరి. పదేండ్లు ఆ సరిహద్దున శాంతి నిలిచెను.

కాని యది కావలియే గాని కోటగోడ కాదు. 1967 మే నెలలో ఈజిప్టు పొమ్మనినంతనే సేన కదలవలసివచ్చెను. జూను 5వ తేదీన యుద్ధము రేగెను. ఇంకను గాజాలో నుండిన మనవారు కొందరు ఆనాడే నేలకొరగిరి.

సమ్మతి యున్నచోట శాంతిసేన మేలే చేసినది. 1989లో నమీబియాకు బోయి, ఎన్నికలు జరిపించి, 1990 మార్చిలో నా దేశము స్వతంత్రమగువరకు తోడునిలిచినది. ఆ సేనకు నాయకుడు మన దివాన్ ప్రేమ్‌చంద్. చంపబూనినవారి యెదుటకు, శక్తి నీయక మాట మాత్రమే యిచ్చి పంపినచోటనే ఘోరములు గలిగినవి. 1994 జనవరిలోనే రువాండాలో మారణహోమమునకు సన్నాహము జరుగుచున్నదని సేనానాయకుడు డాలేర్ హెచ్చరించెను. ఏప్రిలులో హత్యలు సాగుచుండగా, మండలి యా సేనను 270 మందికి తగ్గింపుమని తీర్మానించెను! నూరుదినములలో సుమారు 8 లక్షల జనులు హతులైరి. బోస్నియాలోని స్రెబ్రెనిట్సాను 1993లో రక్షితప్రదేశమని మండలి ప్రకటించెను. అట్టి ప్రదేశములకు 34,000 మంది సైనికులు వలయునని ప్రధానకార్యదర్శి కోరగా, 7,600 మందికే యనుమతి యిచ్చిరి. 1995 జూలైలో నా పట్టణము శత్రువుల పాలై, సుమారు 8,000 మంది పురుషులు, బాలురు వధింపబడిరి. అభయమిచ్చి చేయివిడుచుట, అభయమీయకుండుటకన్న ఘోరపాపము. నమ్మనివాడు పారిపోయియైన బ్రతుకును.

నేటి మాట యేమి? 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయినుపై దాడిని ఖండించు తీర్మానమును దాడి చేసిన రష్యాయే వీటో చేసెను. 2023 డిసెంబరు 8న గాజాలో యుద్ధవిరమణ కోరిన తీర్మానమును, ఇజ్రాయేలునకు ఆయుధములిచ్చు అమెరికా వీటో చేసెను. ఒకచోట ముద్దాయి, వేరొకచోట ముద్దాయి చెలికాడు. పీఠము మాత్ర మొక్కటే. వీటో చేసినప్పుడెల్ల సర్వసభ్యసభ కూడి చర్చింపవలెనని 2022 ఏప్రిలులో నొక నియమము వచ్చినది. అది సిగ్గుపరచుటయే గాని సరిదిద్దుట కాదు.

శాసనపత్రమును సవరింపవలెనన్నను ఆ యైదింటి సమ్మతియే కావలయునని 108వ నిబంధన. తాళము వారి చేతనే యున్నది గదా యని మీరనవచ్చును. నిజమే. కాని 1963లో మండలిని 11 నుండి 15 మందికి పెంచు తీర్మానమునకు ఐదింటిలో నొక్కటి మాత్రమే యనుకూలముగ వోటు చేసెను. ఆసియా, ఆఫ్రికా జాతుల పట్టుదలచే 1965 నాటికి ఐదును అంగీకరించెను. అడుగనివానికి తాళము తెరవరు.

శాంతిసేనలకు రెండు లక్షలకు పైగా సైనికులను బంపిన దేశము మనది. అందు ప్రాణములర్పించిన వారిలో ఏ దేశమువారికన్నను మనవారే యెక్కువ. కావున నడుగు హక్కు మనకు గలదు. ఐతే యేమి యడుగవలెను? శాశ్వతసభ్యత్వము గోరుచున్నాము, కోరుట తప్పుగాదు. కాని ఆరవ వీటోదారులమగుటకే యా పీఠమైనచో, అన్యాయమునకు మరియొక కాలు చేర్చినవారమగుదుము. వాదియు తీర్పరియు నొక్కడే యైన పరప్రభుత్వము క్రింద మ్రగ్గిన జాతి మనది. ఆ బాధ యెరిగిన మనము, "తన వ్యాజ్యమున నెవడును తీర్పరి గారాదు, ఈ నియమము మొదట మాకే వర్తించుగాక" యని ప్రకటించి యా పీఠము నెక్కవలెను. ఆనాడు గాని చిన్నజాతుల చేతనున్న డిక్రీ కాగితము అమలునకు రాదు.