బెరడుతో పాటు పోయే కర్ర

భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం ప్రాంతాల ఇసుక నేలలలో సరుగుడు తోటలను, కొంత లోపలికి వస్తే మెట్టలమీద నీలగిరి తోటలను మన శ్రోతలలో చూడనివారు అరుదు. నీలగిరి అంటే జామాయిలే. ఈ కర్ర కొంత పందిళ్లకు, పాకలకు పోతుంది. కొంత కాగితపు గుజ్జుకు పోతుంది. రాజమహేంద్రవరంలో 1924లో స్థాపితమైన మిల్లు గాని, పొరుగున ఒడిశాలోని రాయగడ మిల్లు గాని ఇటువంటి కర్రతో నడిచేవే.

గుజ్జుకు పోయే కర్రకు బెరడు పనికిరాదు. దానిలో మంచి నార తక్కువ; ఉడికించేటప్పుడు రసాయనాలను అధికంగా పీల్చుతుంది; కాగితంపైన నల్లని చుక్కలై తేలుతుంది. అందులో చిక్కుకొన్న ఇసుక, కర్రను ముక్కలు చేసే కత్తుల పదునును తినివేస్తుంది. అందుచేత కూలివారు కత్తి పట్టి బెరడు ఒలవడం మన తోటలలో చిరకాలపు అలవాటు. పనికోసం మన జిల్లాలవారు ఎందరో దూరపు పట్టణాలకు వలసపోవడంతో ఆ కత్తి పట్టే చేతులు తగ్గినవి. యంత్రం వచ్చినది. రావలసినదే. అయితే అది బెరడుతో పాటు ఇంకేమి తీసికొనిపోతున్నదో రైతు లెక్క చూచుకోవాలి.

యంత్రంలో పండ్లుగల ఇనుప రోలర్లు కర్రను పట్టి ముందుకు త్రోస్తాయి. కత్తులు బెరడును గీకివేస్తాయి. పట్టు వదులైతే కర్ర జారుతుంది, బెరడు మిగులుతుంది. బిగువైతే ఆ పండ్లు కర్రలోనికే దిగుతాయి. కత్తి కర్రకు తగిలితే మనిషి చేతికి తెలుస్తుంది, రోలరుకు తెలియదు.

ఒక చిన్న లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల వ్యాసం గల దుంగమీద చుట్టూ 2 మిల్లీమీటర్ల కర్ర లేచిపోతే నష్టం నూటికి 4 పాళ్లు. అదే 10 సెంటీమీటర్ల కర్ర అయితే నూటికి 8 పాళ్లు. అంటే 10 టన్నులలో 8 క్వింటాళ్లు బెరడు కుప్పలో కలిసిపోయినట్లే! మన తోటలు కొద్ది సంవత్సరాలకే కోతకు వస్తాయి గనుక సన్నకర్రే ఎక్కువ. బ్రెజిలువంటి దేశాలలో చెట్టును కోసే యంత్రమే దానిని ముందుకూ వెనుకకూ పలుమార్లు నడిపి బెరడు ఒలిచివేస్తుంది. ఎన్నిసార్లు నడిస్తే అన్ని గాట్లు.

దీనికి సులువైన ఉపాయం కాలంలోనే ఉన్నది. కోసిన వెంటనే, పచ్చిగా ఉన్నప్పుడు బెరడు తేలికగా ఊడుతుంది. లారీ రాలేదనో, బేరం కుదరలేదనో ఎండలో పడవేస్తే అది కర్రను కరచుకొంటుంది. అప్పుడు పట్టు బిగించక తప్పదు. బిగిస్తే గాట్లు తప్పవు. కోత ఒక వారం, యంత్రం మరొక వారం అనే ఏర్పాటు రైతుకు చేటు.

తుఫాను పడగొట్టిన చెట్ల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని తాకినప్పుడు తోటలు ఎట్లా నేలకొరిగినవో మరచినవారు లేరు. గాలికి మెలితిరిగిన మ్రానులో పైకి కనబడని చీలికలుంటాయి. రోలరు ఒత్తిడికి అవి విచ్చుకొంటాయి. అటువంటి కర్రను విడిగా పెట్టడం మేలు.

గుజ్జుకు పోయే కర్రకు గాటు పడితే పోయేది బరువే. బాదుకు పడితే బలం పోతుంది. వంపు పడినప్పుడు కర్ర విరగకుండా నిలిచే శక్తి దాని వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఇందాకటి 10 సెంటీమీటర్ల కర్ర, 2 మిల్లీమీటర్ల పొర పోయినందుకే, సుమారు నూటికి పదకొండున్నర పాళ్ల బలం కోల్పోతుంది. గాటు ఒక్కచోటనే లోతుగా ఉంటే బరువు పడినప్పుడు విరిగేది అక్కడే. నాలుగు అంతస్తుల ఎత్తున ఆ బాదులమీద నిలబడి తాపీపని చేసేవాడొకడుంటాడు గదా! కనుక నిటారు బాదులను యంత్రం రాకముందే ఏరి, చేతితో ఒలిపించాలి. మిల్లువారు ఎంత సన్నని కర్రవరకు తీసికొంటారో ముందే అడిగి తెలుసుకొంటే, అంతకన్న సన్నని కొసలను బెరడుతోనే వంటచెరకుకు అమ్ముకోవచ్చును.