తెగిన నడక – తెగని సంకల్పము



శేషాచలము మొదలు నల్లమల వరకు సాగిన ఈ పర్వతపంక్తి ఆదిశేషుని శరీరమని మన పెద్దలు చెప్పుదురు. పడగలపై తిరుమల శ్రీనివాసుడు, నడుమ అహోబిల నృసింహుడు, తోకకడ శ్రీశైల మల్లికార్జునుడు కొలువై యున్నారు. ఈ శేషశరీరము వెంట పాదచారులమై నడువవలెనని 1988వ సంవత్సరమున మేము సంకల్పించితిమి. అది ముగియుటకు ముప్పది యేండ్లు పట్టినది. ఆ యాత్రలో నడచిన దూరము కంటె నడువక విడిచిన కొద్ది దూరమే మాకు ఎక్కువ నేర్పినది. నేటి ప్రసంగము దానిని గురించియే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, మన సీమ క్షేత్రములను సేవించుచు కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు మించిన ఏకయాత్ర యది. వారికి పల్లకి యుండెను, బోయీలుండిరి, పరివార ముండెను. మా తుమ్మలపల్లెలో అట్టి వీలెవరికి గలదు? మాకు పాఠము చెప్పు విధి. మాతో కూడిన ఏడుగురు సేద్యగాండ్రు. వాన పడినచో గొఱ్ఱు కట్టవలెను. పడనిచో దారి ఖర్చులకు చేత పైకముండదు. కనుక వీలు కలిగినపుడు వీలైనంత నడచుట, ఆగినచోటనే మరల మొదలిడుట యని నియమము చేసికొంటిమి.

ముక్కలుగా చేసినది యాత్ర యగునా యని కొందరు మమ్ము అడిగిరి. నర్మదా పరిక్రమ మూడు సంవత్సరముల మూడు నెలల పదుమూడు దినములని సంప్రదాయము. అంత కాలము ఇల్లు విడువలేని గృహస్థులు దానిని ఖండ పరిక్రమగా చేయుచున్నారు. విడిచిన తావుననే మరల అడుగు మోపుట అందలి నియమము. మా విద్యయు అట్టిదే. తైత్తిరీయ శాఖలో సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, వెరసి 82 పన్నములు. అనధ్యయన దినములలో పాఠము నిలిచిపోవును. అంతమాత్రమున అధ్యయనము చెడదు. నిలిచిన పనసనుండియే సాగును.

1988లో దేవుని గడప స్వామికి మ్రొక్కి, ఒంటిమిట్ట, రాజంపేటల మీదుగా తిరుమల చేరితిమి. కడప నుండి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు. 1994లో మరల కడప నుండి ఉత్తరముగా పుష్పగిరి, బ్రహ్మంగారి మఠము దాటి అహోబిలము చేరితిమి. 2001లో అహోబిలమున బయలుదేరి మహానంది చేరితిమి. 2002లో దేశమంతట వర్షములు తప్పినవి. ఆపై కొన్నేండ్లు ఎవరును ఇల్లు కదలలేకపోయిరి. 2009 శివరాత్రికి ఆత్మకూరు, నాగలూటి వీరభద్రాలయము, పెద్దచెరువు, భీముని కొలనుల మీదుగా కైలాసద్వారమెక్కి మల్లన్నను దర్శించితిమి.

ఊరిలో మాకు శాలువ కప్పిరి. తిరుమల నుండి శ్రీశైలము దాక కాలినడకను నడచినవారని వేదిక మీద కొనియాడిరి. మేము తలవంచి ఆ గౌరవమును స్వీకరించితిమి. మాతో అన్ని యేండ్లు నడచిన ఒక వృద్ధ రైతు మాత్రము ఆ సభకు రాలేదు. మరునాడు వారింటికి పోయి కారణమడిగితిమి. ఆయన చాలసేపు పలుకక, చివరకు, “సామీ, రుద్రవరం కాడ మనం బాకీ ఉండాం గదా!” అనెను.

ఆ మాట మా గుండెలో ముల్లువలె దిగినది. 2001లో రుద్రవరము వద్ద మా కాలు వాచి, అడుగు పడక, అందరమును బస్సెక్కి మహానంది చేరితిమి. మా కొరకే వారును ఎక్కిరి. అది ఎవరికిని చెప్పలేదు. చెప్పకుండుట అబద్ధము కాదని మనస్సును బుజ్జగించుకొంటిమి.

నొచ్చిన కాలితో బస్సెక్కుట దోషము కాదు. ఆపదలో శాస్త్రము సడలింపు నిచ్చును. విడిచినదానిని చేసినట్లు లోకమును అనుకొననిచ్చి, ఆ శాలువను కప్పుకొనుటయే దోషము. 82 పన్నములలో ఒకటి దాటవేసి పరీక్షకు కూర్చున్న శిష్యునకును మాకును భేదమేమి?

అయినను ఇందులో ఒక ఊరట గలదు. అట్టి శిష్యుని గురువు మొదటి పన్నమునకు పంపడు. విడిచిన పన్నమునకే పంపును. తెలిసియు తొమ్మిదేండ్లు జాగుచేసి, 2018 కార్తికమున మేమిరువురము రుద్రవరమునకు పోతిమి. నాడు మాతో బస్సెక్కిన వారిలో ముగ్గురు అప్పటికే గతించిరి. వారి పేర్లను సంకల్పములో చెప్పుకొంటిమి. కుడివైపు నల్లమల, ఎడమవైపు చేలు. ఆయన చేత కఱ్ఱ, మా మోకాలికి గుడ్డకట్టు. పడుచువారు రెండు దినములలో నడచు దారి మాకు నాలుగు దినములు పట్టినది. మహానంది కోనేటి నిర్మలజలములో దిగినపుడు ఆయన, “ఇప్పుడు తీరింది సామీ,” అనెను. ఇంటికి వచ్చిన పిమ్మట ఇదే రామాలయమున పదిమంది ముందర జరిగినది జరిగినట్లు చెప్పితిమి. ఆ చెప్పుట నడకకంటె కష్టమైనది.

భక్తులారా! మీలో మండలదీక్ష నడుమ విడిచినవారుందురు, మ్రొక్కు మరచినవారుందురు, తల్లిదండ్రులకు మాట యిచ్చి సగము చేసినవారుందురు. మొదటినుండి చేయవలెనేమో యని భయపడి ఊరకుండకుడు. ఎచ్చట తెగినదో అచ్చటికి పొండు. చేయనిదానిని చేయలేదని చెప్పుడు. చేయగల నాడు చేయుడు. నల్లమల దారిన నడువగోరువారు అటవీశాఖ అనుమతించు శివరాత్రి, ఉగాది దినములందే పొండు. అది పులులకు నెలవైన అడవి. నిప్పు రాజవేయకుడు, చెత్త విడువకుడు.

ఆ శాలువ నేటికిని మా పెట్టెలో నున్నది. 2018 తరువాతనే దానిని కప్పుకొనుటకు మాకు మనసొప్పినది.

శుభం భూయాత్. స్వస్తి.