మూర్ఛగల పెద్దబిడ్డయు, తొట్టెలలోని చిన్నబిడ్డయు



ఇంట రెండవ బిడ్డ కలిగినపుడు పెద్దబిడ్డ మనస్సు కలతపడుట లోకసహజము. నిన్నటివరకు తనదైన తల్లి ఒడి నేడు మఱియొకరిది యగును. ఆ పెద్దబిడ్డకు మూర్ఛరోగ మున్నచో కలత మనస్సుతో ఆగదు, శరీరమునకును ప్రాకును. పురుడు వచ్చిన యింట ఈ సంగతి తలచువారు తక్కువ.

మన పూర్వులు ఈ రోగమును అపస్మారమనిరి. చరకసంహితలో దీనికి ప్రత్యేకాధ్యాయములు గలవు. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథమొకటి, ఇది దేవతల కోపము గాదనియు, మెదడున పుట్టు వ్యాధియనియు సుమారు 2400 ఏండ్ల క్రిందటనే వాదించినది. మెదడులోని కణములు విద్యుత్ప్రేరణలతో పనిచేయును. అవి ఒక్కుమ్మడిగా అదుపు తప్పినపుడు తెలివి తప్పును, కాలుసేతులు కొట్టుకొనును. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనుష్యుని మెదడులోని విద్యుత్తును గీతలుగా నమోదు చేసి 1929లో ప్రకటించిన పిదప ఇది కంటికి కనబడు విషయమైనది. ఇది అంటువ్యాధి గాదు. నోటి నురుగు తాకినంతమాత్రమున ఎవరికిని రాదు. పసికందు దరికి పెద్దబిడ్డను రానీయకుండుట నిష్కారణ క్రౌర్యము.

కొందఱు పిల్లలు పడిపోరు. కొన్ని క్షణములు శూన్యముగ చూచి మరల మామూలగుదురు. బడిలో దానిని పరధ్యానమని దండించుటయు కలదు.

ఇక పురుటింటి మాట. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో (2016లో ఈ రెండు జిల్లాలును పలు జిల్లాలుగ విడిపోయినవి) ఎందఱో తండ్రులు గల్ఫు దేశములలో నున్నారు. ఎందఱో తల్లులు బీడీలు చుట్టి సంసారము నీడ్చుచున్నారు. కాన్పు దినములలో తల్లి పుట్టినింట నుండును. పెద్దబిడ్డ నొకసారి అమ్మమ్మ, ఒకసారి నాయనమ్మ చూచుకొందురు. ఈ రాకపోకలలో మాత్రల పొట్లము ఏదో యొక యింట మిగిలిపోవును. రాత్రులందు పసిబిడ్డ యేడ్పుచే పెద్దబిడ్డకు నిద్ర యుండదు. తొట్టెల నాడు చుట్టములు, ప్రొద్దుపోయిన భోజనములు. మాత్ర తప్పుట, నిద్ర తప్పుట, ఈ రెండును మూర్ఛను పిలుచుకొని వచ్చునవే. అపుడు బిడ్డ పడిపోవును. చూచినవారు, “చిన్నవాడు పెద్దవానికి అచ్చిరాలేదు” అందురు! తప్పిన మాత్రకు తొట్టెలలోని శిశువు దోషియగును. ఆ మాట విన్న పెద్దబిడ్డ తమ్ముని ఏ కంటితో చూచును?

కావున కాన్పునకు ముందే వైద్యుని చూచి, సరిపడు మాత్రలు తెచ్చి, వేయు బాధ్యతను ఇంట ఒక్కరికే అప్పగింపవలెను. పదిమంది బాధ్యత యెవరిదియు గాదు. బిడ్డ బరువు పెరిగినకొలది మందు మోతాదు మార్పవలసి రావచ్చును. బిడ్డ ఊరక చిరాకుపడుచున్నచో అది ఈర్ష్యయే యని తేల్చివేయరాదు. నిద్రలేమి గావచ్చును, కొన్ని మందుల గుణమును గావచ్చును. వైద్యునికి చెప్పవలెను. మందును తమంత తాము హఠాత్తుగ మానిపించుట ప్రాణాపాయము. కొండగట్టు అంజన్నకు మ్రొక్కుకొనుట తప్పుగాదు. మ్రొక్కుకొని మాత్ర మానుటయే తప్పు. మందు సక్రమముగ వాడినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

చెల్లెలిని ఎత్తుకొందునని పెద్దబిడ్డ అడిగినపుడు కాదనరాదు. చాపమీద గోడకానుకొని కూర్చుండబెట్టి, ఒడిలో శిశువు నుంచి, పెద్దలొకరు ప్రక్కన నుండిన చాలును. నిలబడి ఎత్తుకొనుట, పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర ఎత్తుకొనుట మాత్రము వలదు. బావిలోగాని గోదావరిలోగాని ఒంటరిగ దిగనీయరాదు.

మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవి పెట్టుట మన యూళ్ల అలవాటు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషములలో తామే ఆగును. కీర్తి యినుమునకు దక్కును. నోట ఏమియు పెట్టక, తలక్రింద మెత్తని గుడ్డ నుంచి, కుదుపు తగ్గగనే ప్రక్కకు త్రిప్పవలెను. 5 నిమిషములు దాటినచో 108కు పిలువవలెను.

ఆడబిడ్డయైనచో పెండ్లి భయముచే రోగమును దాచుదురు. హిందూ వివాహ చట్టమున 1976లో చేరిన మూర్ఛ యను అభ్యంతరము 1999లో తొలగింపబడినది. చట్టము మారి ఏండ్లు గడచినను ఇండ్లు మారుటకు జాగగుచున్నది.

ఆంగ్ల హాస్యకవి ఎడ్వర్డ్ లియర్ 1812లో పెద్ద సంసారమున పుట్టినవాడు. అయిదారేండ్ల ప్రాయముననే మూర్ఛలు మొదలైనవి. తనకన్న ఇరువది యేండ్లకు పైబడిన అక్క ఆన్ అతనిని తల్లివలె పెంచినది. అయినను అతడు జీవితాంతము రోగమును లోకమునకు తెలియనీయక, మూర్ఛ వచ్చిన దినములను డైరీలో గుర్తులతో వ్రాసికొనెను. గుర్తులు వ్రాయు అలవాటు నేటి తల్లిదండ్రులకును పనికివచ్చును, దాపరికము పనికిరాదు.

ఆన్ పెద్దది గనుక ఆ భారము మోయగలిగెను. నాలుగైదేండ్ల తమ్మునిపైనో చెల్లెలిపైనో అన్నకు కావలి కాయుమని అట్టి భారము మోపరాదు. అన్న పడిపోయినచో పరుగెత్తి పెద్దలను పిలువుమని నేర్పిన చాలును. పెద్దలు రాగానే ఆ పసివానిని ఆటకు పంపివేయవలెను.