వేసవికి వట్టివేరు తడికె
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి రుచి నాలుకమీద నుండగనే వేసవి వాకిట నిలిచినది. హోసూరు ఎత్తున నున్నది గాన అక్కడివారికి అంత చింత లేదు. మన సామల్పట్టి అట్లు కాదు. రేకుల కప్పు క్రింద పసిపిల్లలు, ముసలివారు రాత్రులు నిద్రలేక బాధపడుదురు. ఏ.సీ. కొనుటకును, దాని కరెంటు బిల్లు కట్టుటకును మనబోటి చిరుద్యోగుల జీతములు చాలవు. అందుచే తక్కువ ఖర్చుతో గాలిని చల్లబరచు పద్ధతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఇది క్రొత్త విద్య కాదు. మన పెద్దలు కిటికీలకు వట్టివేరు తడికెలు కట్టి నీళ్లు చల్లెడివారు. పూర్వము రైళ్లలో మొదటి తరగతి పెట్టెలకు గూడ ఇట్టి తడికెలు ఉండెడివి. 1980 దశకమున ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు, రెండు ఇటుక గోడల నడుమ తడి ఇసుక నింపి, కరెంటు లేకయే కాయగూరలు నిలువయుంచు అరను రూపొందించిరి. మామిడికి, టమాటాకు పేరుబడ్డ కృష్ణగిరి రైతులకు అదియు పనికివచ్చునదే.

కూజాలో నీరు చల్లబడుటకు కారణమేదో దీనికిని అదియే. నీరు ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని లాగుకొనును. ఒక లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి, అనగా యూనిటు కరెంటులో మూడింట రెండు వంతులు, గాలినుండి పోవును.

అయితే గాలి పొడిగా నుండవలెను. ఉష్ణమాపకపు గుబ్బకు తడి నూలుగుడ్డ చుట్టి పంకా ఎదుట నుంచి చూడుడు. బయట 38 డిగ్రీలు, తడిగుడ్డతో 24 చూపినచో తేడా 14. మంచి తడికె అందులో నూటికి 70 వంతులు రాబట్టును. అనగా గదిలోనికి వచ్చు గాలి సుమారు 28 డిగ్రీలు. వానకాలమున ఈ తేడా స్వల్పము గాన ఫలము లేదు.

కావలసినవి పంకా, దళసరి తడికె, నీటి తొట్టి, తడికెపై నీరు జార్చు చిన్న పంపు. వీనిని నీడపట్టు కిటికీకి వెలుపల అమర్చవలెను. ఎదుటి కిటికీ తెరచియే యుంచవలెను. తలుపులన్నియు మూసినచో తేమ నిండి ఉక్క పుట్టును.

నీటి లెక్క మరువరాదు. గంటకు వెయ్యి ఘనపు మీటర్ల గాలిని 10 డిగ్రీలు చల్లబరచుటకు నాలుగైదు లీటర్లు ఖర్చగును. బిందెలతో నీరు మోయు ఇల్లాలికి ఆ బరువు తెలియును. గాన మిట్టమధ్యాహ్నమున, నిద్రవేళ మాత్రమే నడుపుట మేలు. తొట్టిని వారమున కొకసారియైనను ఖాళీచేసి తోమవలెను. లేనిచో డెంగీ దోమలు పుట్టును. ఉప్పునీరైనచో తడికె పూడిపోవును. పంకాకు ఎర్తు తీగ తప్పక యుండవలెను.

సంఘమువారు ముందుగా ఒకటి చేయించి, పసివారు, వృద్ధులు ఉన్న యింట పెట్టించిన, తక్కినవారు చూచి నేర్చుకొందురు. వడ్రంగము, వైరింగు తెలిసిన యువకులు మనలో లేకపోలేదు.

ఈ క్రొత్త సంవత్సరము మీ యిండ్లను చల్లగా నుంచుగాక! సెలవు.